నూట ఇరువదిలో ఒకటి

ఒక చిన్న పట్టణములోని ఉన్నత పాఠశాలలో గణితము బోధించు ఉపాధ్యాయిని నొకతెను ఊహింపుడు. వయస్సు 31 ఏండ్లు. తొలిచూలు, మూడవ నెల నిండినది. వేవిళ్ళు తగ్గుముఖము పట్టినవి. వైద్యురాలు వ్రాసి యిచ్చిన స్కానింగును, ‘డబుల్ మార్కరు’ అను రక్తపరీక్షను చేయించుకొని, ఆ సంగతియే మరచి, ఎనిమిదవ తరగతి జవాబుపత్రములు దిద్దుకొనుచున్నది. అంతలో ప్రయోగశాలనుండి కాగితము వచ్చినది. అందొక చోట ఎఱ్ఱని యక్షరములతో ‘హై రిస్కు’ అని యున్నది. దాని ప్రక్కన ‘1:120’ అను సంఖ్య యున్నది.

ఏండ్ల తరబడి పిల్లలకు నిష్పత్తులు నేర్పుచున్న యామెకు ఆ నిష్పత్తి ఆ క్షణమున అర్థము కాలేదు. కంటికి సంఖ్య కనబడినది. మనస్సునకు పై రెండు మాటలే కనబడినవి. ఆ రాత్రి ఆ యింట ఎవరును సరిగా అన్నము తినలేదు. “గ్రహణంనాడు కత్తిపీట ముట్టావేమో తల్లీ!” అని అత్తగారు మెల్లగా అడిగెను. “మనది మేనరికం కూడా కాదే!” అని భర్త తనలో తాననుకొనెను. పుట్టింటినుండి ఫోను చేసిన తల్లి, “ఎవరి దిష్టి తగిలిందో!” అని ఏడ్చెను. అందఱును ఆమెపై ప్రేమ గలవారే. అయినను వారి ప్రతి మాటయు ఆమె చెవికి నేరారోపణవలె వినబడెను.

ఈ ఉపాధ్యాయిని కల్పిత. ఆమె చేతిలోని కాగితము మాత్రము కల్పితము కాదు. నేడు మహానగరములలోనే కాక చిన్న పట్టణములలోను గర్భవతుల కిట్టి కాగితములు అందుచున్నవి. వానిని చదువుట యెట్లో, చదివిన పిదప వచ్చు దినములను గడుపుట యెట్లో నెమ్మదిగా కూర్చుండబెట్టి చెప్పువారు మాత్రము అరుదు.

జల్లెడ చెప్పునది, చెప్పనిది

బియ్యము ఏరునపుడు గృహిణి చేయు పనిని తలచుకొన్నచో ఈ విషయము సులభముగా బోధపడును. చేటలో చెరిగి, రాయివలె కనబడిన ప్రతి గింజను ఒక ప్రక్కకు నెట్టును. ప్రక్కకు నెట్టినవన్నియు రాళ్ళు కావు. అందు మట్టి యంటిన మంచి గింజలే యెక్కువ. తరువాత వెలుతురులో ఒక్కొక్కటి పట్టి చూచి, రాతిని రాయి యని, గింజను గింజ యని తేల్చుకొనును. మొదటి పని వడపోత. రెండవ పని నిర్ధారణ. ఈ రెండింటిని ఒకటిగా భావించుటయే ఇంటింట కలుగు కలవరమునకు మూలము.

ఉపాధ్యాయిని చేయించుకొన్నది వడపోత పరీక్ష. గర్భము 11 వారములు నిండినది మొదలు 13 వారముల 6 దినములవఱకు దీనిని చేయుదురు. స్కానింగులో శిశువు మెడ వెనుక, చర్మము క్రింద చేరు ద్రవపుపొర మందమును కొలుతురు. మావినుండి తల్లి రక్తములో చేరు ‘పాప్-ఎ’, ‘బీటా హెచ్.సి.జి.’ అను రెండు పదార్థముల పరిమాణమును చూతురు. ఈ మూడింటిని తల్లి వయస్సుతో కలిపి గణనయంత్రము ఒక సంభావ్యతను లెక్కించును. ఆ కాలము దాటిన తరువాత వచ్చినవారికి నాలుగు పదార్థములను చూచు ‘క్వాడ్రపుల్ మార్కరు’ పరీక్ష కలదు. ఏ పరీక్షయైనను ఇక్కడ శిశువు క్రోమోజోములను ఎవరును చూడలేదు. చూచినవి కొన్ని సూచనలు మాత్రమే.

ఈ సూచనలు ముఖ్యముగా డౌన్ సిండ్రోము అను స్థితిని గూర్చినవి. మానవకణములో 46 క్రోమోజోములుండును. 21వ జత యందు రెండింటికి బదులు మూడు చేరినచో మొత్తము 47 అగును. అదియే డౌన్ సిండ్రోము. 18వ, 13వ క్రోమోజోములు అధికమగుటవలన కలుగు మఱింత తీవ్రమైన స్థితులను గూర్చియు ఈ పరీక్షలు కొంత సూచింపగలవు.

చింతగింజల లెక్క

మఱునాటి సాయంకాలము ఆమె చేయదగిన పని యొకటి కలదు. ఒక పళ్ళెములో 120 చింతగింజలు పోసి, వానిలో ఒకదాని పొట్టు గీసి తెల్లగా చేసి, అన్నింటిని కలిపి కన్నులు మూసికొని ఒకటి తీయుట. తెల్లని గింజ పళ్ళెములో లేదని యెవరును అనరాదు, ఉన్నది. కాని చేతికి నల్లగింజ వచ్చుటకు 119 అవకాశములు, తెల్లగింజ వచ్చుటకు ఒక్క అవకాశము. ఆమెవంటి ఫలితమే వచ్చిన 120 మంది తల్లులను ఒక చోట కూర్చినచో, వారిలో 119 మంది శిశువులకు డౌన్ సిండ్రోము ఉండదనియు, ఒకరికి ఉండుననియు ఆ కాగితము చెప్పుచున్నది. ‘హై రిస్కు’ అను మాట దాచిన యర్థము ఇదియే: నూటికి 99 వంతులకు పైగా అది లేకుండు అవకాశము.

మఱి దీనిని ‘హై’ అనుట యెందుకు? గీత ఎక్కడనో ఒక చోట గీయవలెను గనుక. ఇంగ్లండులోని ప్రభుత్వ ఆరోగ్యసేవ 150లో ఒకటి వద్ద ఆ గీతను గీచినది. మన దేశమున పెక్కు ప్రయోగశాలలు 250లో ఒకటిని గీతగా పాటించుచున్నవి. కాబట్టి 200లో ఒకటి అను ఫలితము ఒక చోట భయమును, మఱియొక చోట నిశ్చింతను కలిగించును. శిశువు మాఱలేదు, గీత మాఱినది. ఇంగ్లండులో నేడు ‘అధిక ప్రమాదము’ అను మాటకు బదులు ‘అధిక అవకాశము’ అను మాటను వాడుచున్నారు. ఆ చిన్న మార్పులో ఎంతో వివేకమున్నది.

ఇంకొక లెక్క నల్లబల్లపై వేసి చూపదగినది. 10,000 మంది గర్భవతులు ఈ పరీక్ష చేయించుకొన్నారనుకొందము. 500 మందికి ఒకరి చొప్పున 20 మంది శిశువులకు డౌన్ సిండ్రోము ఉన్నదనుకొందము. ఈ పరీక్ష నూటికి 90 మందిని పట్టుకొనుననియు, లేనివారిలో నూటికి 5 గురిని పొరపాటున ప్రక్కకు నెట్టుననియు తీసికొందము. పరీక్ష శక్తి వాస్తవముగా ఇంచుమించుగా అంతే. ఉన్న 20 మందిలో 18 మంది దొరకుదురు. లేని 9,980 మందిలో నూటికి 5 చొప్పున 499 మంది జల్లెడలో చిక్కుదురు. మొత్తము ‘హై రిస్కు’ కాగితములు 517. వానిలో నిజముగా స్థితి గలవి 18. అనగా సుమారు 29లో ఒకటి. మిగిలిన 28 ఇండ్లలోను ఆ రాత్రి అన్నము తినక పోవుట యుండును.

ఈ లెక్కలో ఇంకొక పాఠమును కలదు. ఇద్దఱు శిశువులు జల్లెడలో చిక్కక జారిపోయిరి. కావున ‘లో రిస్కు’ అను మాటయు హామీపత్రము కాదు. శాతములతో చెప్పినపుడు వైద్యులే తడబడు ఇట్టి సంగతిని ‘పదివేలలో ఇందఱు’ అని చెప్పినచో సామాన్యులకును తెలియునని జర్మను మనస్తత్త్వవేత్త గెర్డ్ గిగరెంజరు తన పరిశోధనలలో నిరూపించెను. గణితోపాధ్యాయులకు ఇది గర్వకారణము. వారు బోధించు సంభావ్యత ఏదో ఒకనాడు ఒక విద్యార్థినికి కన్నీటి రాత్రిని తగ్గింపగలదు.

ఈ జ్ఞానము వచ్చిన దారి

1866లో జాన్ లాంగ్డన్ డౌన్ అను ఆంగ్ల వైద్యుడు ఈ స్థితి లక్షణములను వర్ణించెను. అతడు వాడిన జాతి సంబంధమైన పేరు ఒక శతాబ్దమువఱకు నిలిచి, అవమానకరమని శాస్త్రజ్ఞులు 1961లో ఆక్షేపించిన పిదప క్రమముగా మాసిపోయినది. తల్లి వయస్సుతో దీనికి సంబంధము గలదని 1933లో లయొనెల్ పెన్రోస్ చూపెను. 20 ఏండ్ల తల్లికి సుమారు 1,500లో ఒకటిగా నుండు అవకాశము 40 ఏండ్ల తల్లికి సుమారు 100లో ఒకటి యగును. అయినను ఈ స్థితితో పుట్టు శిశువులలో ఎక్కువమంది తల్లులు 35 ఏండ్ల లోపువారే; ఆ వయస్సులో కనువారు ఎక్కువమంది గనుక.

1959లో పారిస్ నగరమున జెరోమ్ లెజ్యూన్, మార్త్ గోతియే, రేమాన్ త్యూర్పాన్ అనువారు 47వ క్రోమోజోమును గూర్చి ప్రకటించిరి. ఆ కణములను పెంచిన ప్రయోగశాలా నైపుణ్యము గోతియేది. ఆమె పేరు చిరకాలము మఱుగున పడియుండి వృద్ధాప్యమున వెలుగులోనికి వచ్చినది. 1992లో లండనులో కైప్రోస్ నికొలాయిడెస్ బృందము మెడవెనుక ద్రవపుపొరను కొలుచు పద్ధతిని ప్రకటించినది. 1997లో డెనిస్ లో అను హాంకాంగు శాస్త్రజ్ఞుడు, అతని సహచరులు తల్లి రక్తములోనే శిశువునకు సంబంధించిన డి.ఎన్.ఎ. తునకలు తేలియాడుచుండునని చూపిరి. రక్తపు ద్రవమును కొలది నిమిషములు ఉడికించి చూడవలెనను తలంపు తనకు నూడుల్సు ఉడికించుచుండగా కలిగినదని ఆయన చెప్పియున్నాడు. వంటింటి పొయ్యివద్ద పుట్టిన యా తలంపు ఫలితమే 2011నుండి వాడుకలోనికి వచ్చిన ‘ఎన్.ఐ.పి.టి.’ పరీక్ష.

తరువాతి మెట్టు

ఉపాధ్యాయిని ముందు ఇపుడు మూడు దారులున్నవి. మొదటిది, పైన చెప్పిన ఎన్.ఐ.పి.టి. తల్లి చేతినుండి కొంచెము రక్తము తీసిన చాలును. గర్భమునకు అపాయము లేదు. డౌన్ సిండ్రోము విషయమున నూటికి 99 పాళ్ళవఱకు కనిపెట్టును. పొరపాట్లు మిక్కిలి తక్కువ. కాని ఖర్చు వేలలో నుండును. పైగా ఇదియు సన్నని జల్లెడయే గాని తుదితీర్పు కాదు, ఆ డి.ఎన్.ఎ. మావినుండి వచ్చునది గనుక ఎపుడైనను పొరపాటు జరుగవచ్చును.

రెండవది, నిర్ధారణ పరీక్ష. 11 మొదలు 14 వారముల నడుమ మావినుండి సూక్ష్మమైన తునకను, లేదా 15 వారములు నిండిన పిదప ఉమ్మనీటిని సన్నని సూదితో తీసి, కణములలోని క్రోమోజోములను నేరుగా చూతురు. సూది మార్గమును స్కానింగు తెరపై చూచుచునే నడుపుదురు. దీనివలన గర్భస్రావము కలుగు అవకాశము కొలదిగా నున్నది. అనుభవజ్ఞుల చేతిలో 200లో ఒకటికంటె తక్కువ. మూడవది, ఏ పరీక్షయు వలదనుకొని, స్కానింగులతో శిశువు పెరుగుదలను, ముఖ్యముగా గుండెను చూచుకొనుచు ముందునకు సాగుట. ఈ మూడింటిలో ఏది యెన్నుకొన్నను తప్పు లేదు. తప్పు ఒక్కటే: అర్థము కాకుండ, ఇతరుల తొందరపాటుచేత ఎన్నుకొనుట.

చట్టమును తెలిసికొనవలెను. 1994 నాటి చట్టము ప్రకారము గర్భస్థశిశువు ఆడయో మగయో చెప్పుట నేరము. క్రోమోజోముల దోషములను తెలిసికొనుట మాత్రము నమోదైన కేంద్రములలో అనుమతింపబడినది. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టమును 2021లో సవరించిరి. 20 వారములవఱకు ఒక వైద్యుని యభిప్రాయమును, 20నుండి 24 వారములవఱకు కొన్ని వర్గముల స్త్రీలకు ఇద్దఱు వైద్యుల యభిప్రాయమును చట్టము కోరును. శిశువునందు తీవ్రమైన వైకల్యము గలదని వైద్యమండలి నిర్ధారించినచో 24 వారముల పరిమితి వర్తింపదు. యుక్తవయస్కురాలైన స్త్రీ విషయమున కావలసినది ఆమె సమ్మతియే; భర్త సమ్మతి గాని, అత్తమామల సమ్మతి గాని చట్టము కోరదు.

నిరీక్షణ దినములు

ఉమ్మనీటి కణములను పెంచి క్రోమోజోములను లెక్కించుటకు రెండు మూడు వారములు పట్టును. త్వరిత పద్ధతులచే ముఖ్యమైన జవాబు కొన్ని దినములలోనే వచ్చును. ఏదైనను ఆ దినములు దీర్ఘములు. పగలు పాఠములతో గడచును, రాత్రి గడవదు. కడుపుపై చేయి వేసికొనుటకే కొందఱు తల్లులు జంకుదురు. సీమంతమును గూర్చి మాటలాడువారిని తప్పించుకొని తిరుగుదురు. ప్రేమించిన పిదప పోగొట్టుకొందుమేమో యను భయము ప్రేమనే వాయిదా వేయించును. ఇది హృదయకాఠిన్యము కాదు. గాయపడకుండుటకు మనస్సు చేయు ప్రయత్నము. దీనికి ఏ తల్లియు సిగ్గుపడనక్కఱలేదు.

ఈ కాలమున మొదట దింపవలసిన బరువు ‘నా తప్పేమి?’ అను ప్రశ్న. గ్రహణమునకు దీనితో సంబంధము లేదు. కత్తిపీటకు లేదు, బొప్పాయిపండునకు లేదు, ఎవరి చూపునకును లేదు. మేనరికమువలన కొన్ని వంశపారంపర్యవ్యాధుల అవకాశము పెరుగునన్నది నిజము; కాని డౌన్ సిండ్రోము అట్టిది కాదు. నూటికి 95 మందిలో అది కణవిభజన సమయమున క్రోమోజోముల జత విడిపోకుండుటవలన యాదృచ్ఛికముగా కలుగును. స్త్రీ అండముల విభజన ఆమె పుట్టుటకు ముందే, ఆమె తన తల్లి గర్భమున నుండగనే ఆరంభమై, ఏండ్లకొలది నిలిచియుండి, యౌవనమున మరల సాగును. అంత సుదీర్ఘమైన ప్రయాణములో ఎక్కడనో జరిగిన తొట్రుపాటునకు నిన్న తిన్న తిండిని, మొన్న చేసిన పనిని కారణముగా చూపుట అన్యాయము.

తక్కిన ఉపాయములు చిన్నవి, కాని పనికివచ్చునవి. వైద్యురాలియొద్దకు ఒంటరిగా పోక భర్తతో గాని, తోబుట్టువుతో గాని పోవలెను. భయములో ఒక చెవి విననిదానిని మఱియొక చెవి వినును. ప్రశ్నలను ముందే కాగితముపై వ్రాసికొనవలెను: నా సంఖ్య యెంత? ఈ పరీక్ష ఏమి చెప్పగలదు, ఏమి చెప్పలేదు? జవాబు ఎన్నడు వచ్చును? జన్యుశాస్త్ర సలహా యిచ్చు వైద్యులు అందుబాటులో నున్నచో వారిని కలిసికొనవలెను. వార్తను ఊరంతటికి చెప్పవలసిన పని లేదు. నమ్మిన యిద్దఱు చాలును. ఎదురైన ప్రతి వ్రాతను అర్ధరాత్రివఱకు చదువుట మానవలెను. రెండు వారములు గడచినను నిద్రయు ఆకలియు రాక, దుఃఖము విడువనిచో, ఆ సంగతియు వైద్యునికి చెప్పవలసిన వ్యాధియే.

భర్తను గూర్చి ఒక మాట. మన యిండ్లలో మగవాడు ధైర్యము చెప్పువాడుగా నిలువవలెనని యెంచుదురు. “ఏం కాదులే” అని అతడనును. ఆ మాట తలుపు మూసినట్లు వినబడును. “నాకూ భయంగానే ఉంది” అని అన్నచో, భయము తగ్గకపోయినను ఒంటరితనము తగ్గును. అత్తగారు చేయదగిన ఉపకారమును ఒకటి కలదు: కారణములు వెదకుట మాని కోడలికి వేళకు అన్నము పెట్టుట.

నిర్ధారణ అయినచో

28 ఇండ్లలో నిట్టూర్పు విడిచి కాగితమును మడిచి పెట్టుదురు. ఒక యింట అట్లు జరుగదు. ఆ యింటిని మరచి వ్రాయు వ్రాత అసంపూర్ణము.

ఆ దంపతులకు నిజమైన సమాచారము కావలెను. జాలి కాదు, బెదిరింపును కాదు. డౌన్ సిండ్రోము గల పిల్లలలో సుమారు సగము మందికి పుట్టుకతో గుండెదోషముండును. దానిలో పెక్కింటికి నేడు శస్త్రచికిత్స కలదు. నేర్చుకొనుట ఆలస్యమగును; కాని నేర్చుకొందురు. నడతురు, మాటలాడుదురు, పెక్కుమంది చదువను వ్రాయను నేర్తురు. 1983 ప్రాంతమున అమెరికాలో వీరి సగటు జీవితము సుమారు 25 ఏండ్లు. నేడు సంపన్నదేశములలో అది 60 ఏండ్లకు చేరినది. మందులకంటె ముందు ఈ మార్పు తెచ్చినది, వీరిని ఆశ్రమములలో మూయక ఇంటిలో పెంచి, ఇతరులకు చేయు చికిత్సనే వీరికిని చేయుట. సికిందరాబాదులో 1984లో స్థాపింపబడిన మానసిక వికలాంగుల జాతీయ సంస్థ నేడు బుద్ధిమాంద్యము గల వారి సాధికారతకు జాతీయ సంస్థగా పేరు మార్చుకొని, పసితనమునుండియే ఇట్టి బిడ్డలకు శిక్షణ యిచ్చుచున్నది.

గర్భమును కొనసాగించువారు కలరు, కొనసాగింపలేనివారును కలరు. ఇంటి స్థితి, శిశువు దేహస్థితి, తల్లి శక్తి — వీనిని తూచువారు ఆ దంపతులే. కొనసాగించిన తల్లిని మూర్ఖురాలనుట, మానుకొన్న తల్లిని నిర్దయురాలనుట — రెండును పొరుగువారి సులభవాక్యములు. రెండవ యామెకు కలుగునదియు పుత్రశోకమే. ఆమెకు పురుడు లేదు, పరామర్శ లేదు గనుక ఆ శోకమున కింకను ఓదార్పు కావలెను.

ఇందు ఉపాధ్యాయులకు భాగమున్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఇట్టి బిడ్డలకు తోటిపిల్లలతో కలిసి చదువు హక్కు నిచ్చినది. గర్భవతి యొకతె ఆ కాగితము పట్టుకొని తన బిడ్డ భవిష్యత్తును ఊహించునపుడు, ఆమె కంటికి కనబడునది ఆస్పత్రి కాదు, బడి. ‘వీనిని ఎవరు చేర్చుకొందురు? పిల్లలు వెక్కిరింతురా?’ అని ఆమె అడుగుకొనును. దాని జవాబు ఏ ప్రయోగశాలలోను లేదు. మన తరగతిగదులలో నున్నది. వెనుకబల్లపై కూర్చున్న మందమతి బాలునితో గురువు ఈ దినము మాటలాడు తీరు, ఎక్కడనో ఒక తల్లి రేపు చేయబోవు నిర్ణయములో కలిసిపోవును.

మన గణితోపాధ్యాయిని మఱునాడు బడికి పోయినది. నిర్ధారణ పరీక్షకు తేది నిశ్చయమైనది, జవాబు రావలసియున్నది. సాయంకాలము అత్తగారు పళ్ళెములోని చింతగింజలను చూచి, “ఇవెందుకమ్మా?” అని అడిగెను. కోడలు లెక్క చెప్పెను. ముసలామె తెల్లగింజను వ్రేళ్ళతో తీసి కొంతసేపు చూచి, పాఱవేయక, తక్కిన గింజలలోనే మరల కలిపెను. “ఇదీ మన చెట్టుదేగా తల్లీ” అని, అన్నము వడ్డించుటకు లోనికి పోయెను.